ఇసె క్షేత్రంలో అమ్మతో రెండు రోజులు – నా అనుభవం

2025 అక్టోబరులో నాన్న సంవత్సరీకం రాజమండ్రిలో పూర్తిచేసి, నవంబరు 9న అమ్మను నాతో పాటు జపాన్‌లోని నగోయాకు తీసుకువచ్చాను. నాన్న పోయిన నాటి నుంచి ఆ ఏడాది పొడవునా అమ్మ ఏ గుడి గడపా తొక్కలేదు. వీధి చివరి వేణుగోపాలస్వామి ఊరేగింపుగా ఇంటి ముందుకు వచ్చినప్పుడు కూడా తలుపు దగ్గరే నిలబడిపోయిన మనిషి, ఇక్కడికి వచ్చిన వారం రోజులకు కూరలు తరుగుతూ, "ఇక్కడికి దగ్గరలో పెద్ద గుడి ఏదైనా ఉందా అమ్మాయ్" అని అడిగింది. నగోయాలోనే అత్సుతా జింగూ అనే ఆలయం ఉంది. అయినా పెద్ద గుడి అనగానే నాకు ఇసె క్షేత్రమే తోచింది. ఆరేళ్లుగా ఈ దేశంలో ఉద్యోగం చేస్తూ, రైల్లో గంటన్నర దూరంలో ఉన్న ఆ చోటికి నేనూ ఎన్నడూ వెళ్లలేదు.

బయలుదేరేముందు అమ్మకు ఒక్కటే అనుమానం: వీళ్లకు మైల పట్టింపు ఉందా, లేదా? ఆఫీసులో ఒకావిడను అడిగితే, దగ్గరి బంధువు చనిపోతే యాభై రోజుల దాకా షింటో (జపాన్ వాళ్ల సంప్రదాయ మతం) ఆలయాలకు వెళ్లకపోవడం తమకూ ఆచారమేనని చెప్పింది. ఆ మాట అమ్మకు చేరవేయగానే, అంతవరకు తెలియని దేవుడి మీద ఆమెకు ఒక్కసారిగా గురి కుదిరింది. "పట్టింపులున్న దేవుడైతే మంచివాడే" అంది. మంచివాడు కాదమ్మా, మంచిది అని సరిదిద్దాను. ఇసెలో ముఖ్య దైవం అమతెరాసు, సూర్యదేవత, స్త్రీమూర్తి. అరసవల్లి తప్ప సూర్యుడికి వేరే గుడి ఎరగని మా అమ్మ, సూర్యుడు ఆడమనిషి కావడం గురించి ఆ రాత్రంతా ఆలోచించినట్టుంది.

నవంబరు 28, శుక్రవారం ఉదయం నగోయా నుంచి కింతెత్సు రైలెక్కాము. మొదటి పొరపాటు నేను అక్కడే చేశాను. ప్రత్యేక ఎక్స్‌ప్రెస్‌కు మామూలు టిక్కెట్టుతో పాటు సీటు కోసం మరొక టిక్కెట్టు కొనాలన్న సంగతి మరచి, కార్డు గీకి లోపలికి వెళ్లిపోయి, ప్లాట్‌ఫారం మీద ఉన్న యంత్రం దగ్గర హడావుడిగా రెండోది కొన్నాను. రెండూ కలిపి ఒక్కొక్కరికి సుమారు మూడు వేల యెన్లు అయ్యాయి. మరో ఇరవై నిమిషాలు ఆలస్యమైనా పరవాలేదనుకునేవారు మామూలు ఎక్స్‌ప్రెస్‌లో అందులో దాదాపు సగానికే వెళ్లవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి మాత్రం సీటు ఖాయంగా ఉండటం ఆ డబ్బుకు తగినదే.

ఇసె అంటే ఒక గుడి కాదని, చిన్నా పెద్దా కలిపి 125 ఆలయాల సముదాయమని చదువుకునే వెళ్లాను. వాటిలో ప్రధానమైనవి రెండు. ఇసెషి స్టేషను నుంచి ఐదు నిమిషాల నడకలో గైకూ ఉంటుంది, అక్కడి దేవత తొయొఉకె. సూర్యదేవత కొలువున్న నైకూ అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరం. ముందు గైకూ, తర్వాత నైకూ అనేది సంప్రదాయక్రమం. స్టేషను లాకరులో సామాను పెట్టి, పదకొండున్నరకు గైకూ వంతెన ముందు నిలబడ్డాము. ప్రవేశ రుసుము లేదు, టిక్కెట్టు కిటికీ లేదు, ప్రత్యేక దర్శనం క్యూ లేదు. చెప్పుల స్టాండు కూడా లేకపోవడం మాత్రం అమ్మను నిలబెట్టేసింది. బూట్లు విప్పడానికి వంగిన అమ్మకు, ఇక్కడ వాటితోనే లోపలికి వెళతారని చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. చివరికి, తన పక్కనుంచి నల్లకోటు వేసుకున్న ముసలాయన మెరిసే బూట్లతో వంతెన ముందు ఆగి, నడుము వంచి నమస్కరించి లోపలికి నడిచాక గాని ఆమె కదలలేదు. ఆ రెండు రోజులూ బూట్లతో దేవుడి ముందు నిలబడటం ఆమెకు ముల్లులా గుచ్చుతూనే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం కూడా, "విడిచేస్తే ఏమంటారో ఒకసారి అడగరాదూ" అని నన్ను కదిలించింది.

గైకూలో దారికి ఎడమ పక్కన, నైకూలో కుడి పక్కన నడవాలి. చేతులు కడుక్కునే నీటితొట్టి ఉన్న వైపే నడవడమని చెబుతారు. కలపగరిటెతో ముందు ఎడమచేయి, తర్వాత కుడిచేయి, ఆపైన దోసిట్లో పోసుకున్న నీళ్లతో నోరు పుక్కిలించడం. ఇందులో అమ్మకు నేను నేర్పవలసింది ఏమీ లేకపోయింది. దారంతా గులకరాళ్లు పరచి ఉంటాయి. చూడటానికి అందంగా, వినడానికి ఇంకా అందంగా ఉంటాయి గాని, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు అరగంటలోనే అలసట తెలుస్తుంది. చక్రాల కుర్చీ అరువిస్తారని నేనెంత చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు.

ప్రధానాలయం ముందు నిలబడ్డప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "స్వామి ఎక్కడ?" దానికి జవాబు నా దగ్గర లేదు. వరుసగా నాలుగు కంచెల వెనక రంగు పూయని హినోకి (సైప్రస్ జాతి చెట్టు) కలపతో కట్టి, పైన రెల్లుగడ్డి కప్పిన ఇల్లు ఉంటుంది. మనబోటి వాళ్లం బయటి నుంచి రెండో కంచె ద్వారం దగ్గరే ఆగాలి. ఆ ద్వారానికి తెల్లని పట్టుతెర వేలాడుతూ ఉంటుంది. విగ్రహం కనబడదు, దీపం కనబడదు, గంట ఉండదు, హారతి ఉండదు, తీర్థం ఉండదు. రెండుసార్లు వంగి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగి నమస్కరించడంతో పూజ ముగుస్తుంది. చప్పట్లు చూసి అమ్మ కాస్త తేరుకుంది: "శివాలయంలో చండీశ్వరుడి దగ్గర కొట్టినట్టే కదా." అలా అని కొట్టింది కూడా, పక్కవాళ్ల కంటే గట్టిగా.

తెర సంగతి మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. కాసేపు చూసి, "నైవేద్యం వేళేమో, అందుకే వేసి ఉంటారు" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. చిత్రమేమిటంటే, ఆమె ఊహ ఆ చోటికి అంత దూరమైనదేమీ కాదు. తొయొఉకె ఆహారానికి అధిదేవత, అమతెరాసుకు భోజనం సమకూర్చడానికే ఇక్కడికి వచ్చిందని వాళ్ల కథ. రోజుకు రెండుసార్లు, ఉదయం, సాయంత్రం, గైకూలోని భోజనశాలలో దేవతలకు అన్నం సమర్పిస్తారు. పదిహేను వందల ఏళ్లుగా ఇది ఒక్క పూటా తప్పలేదని చెబుతారు. ఆ వంటకు నిప్పు అగ్గిపుల్లతో పుట్టదు. అర్చకులు కర్రను కర్ర మీద తిప్పి రాపిడితో రాజేస్తారు. ఈ ముక్క చెప్పగానే అమ్మ ఆగిపోయింది. వాళ్ల తాతగారి ఇంట్లో యజ్ఞానికి అరణి మథించడం చిన్నప్పుడు చూసిన మనిషి ఆమె. "అయితే వీళ్లకూ అరణి ఉందన్నమాట" అని ఆ కనబడని వంటింటి వైపు తిరిగి మరోసారి చేతులు జోడించింది. ఆ నైవేద్యంలో అన్నం, ఉప్పు, నీళ్లతో పాటు ఎండుచేప, మద్యం కూడా ఉంటాయన్న సంగతి ఆ పూటకు దాచాను. సాయంత్రం చెప్పినప్పుడు, ఆమె చాలాసేపు ఏమీ అనకుండా ఉండి, "ఎవరి ఆచారం వాళ్లది" అని దుప్పటి కప్పుకుంది.

ప్రధానాలయం పక్కనే, అంతే కొలతలతో, ఖాళీ స్థలం ఒకటి ఉంటుంది. తెల్లని గులకరాళ్లు, మధ్యలో చిన్న గూడులాంటి కప్పు, అంతే. ఇసెకు వెళ్లినవాళ్లు ఎక్కువసేపు నిలబడవలసింది అక్కడేనని నాకనిపించింది. ఇరవై ఏళ్లకోసారి ఆ ఖాళీ స్థలంలో అచ్చం ఇలాంటి గుడినే కొత్తగా కట్టి, దేవతను అందులోకి తరలించి, పాతది విప్పేస్తారు. 690లో జితో మహారాణి కాలంలో మొదలైన ఈ క్రతువు, యుద్ధాల కాలంలో మధ్యలో ఆగినా, 2013లో అరవై రెండోసారి జరిగింది. తర్వాతిది 2033లో. దానికి సంబంధించిన తొలి పూజ 2025 మేలోనే జరిగింది, అంటే ఎనిమిదేళ్ల ముందు నుంచే పని మొదలన్నమాట. సుమారు పదివేల హినోకి మాన్లు కావాలి. గుడితో పాటు దేవత వాడే బట్టలు, కత్తులు, అద్దాలు, మగ్గం సామాను వంటివి 714 రకాలు, 1576 వస్తువులు, మళ్లీ కొత్తగా చేయిస్తారు. అమ్మకు ఇది ఒక్క మాటలో అర్థమయింది. 2015లో నాన్నతో కలిసి పూరీ నవకళేబరానికి వెళ్లి వచ్చింది ఆమె. అక్కడ దారువిగ్రహాలు మారతాయి, ఇక్కడ దేవత ఇల్లు మారుతుంది. అప్పుడు పూరీ జనంలో నాన్న తన చేయి వదలకుండా పట్టుకున్న సంగతి చెబుతూ, గైకూ చెరువు గట్టు మీద బెంచీపై చాలాసేపు కూర్చుంది. నేను గడియారం చూడలేదు.

ఆ చెరువు పక్కనే సెంగూకాన్ అనే ప్రదర్శనశాల ఉంది. టిక్కెట్టు మూడు వందల యెన్లు. లోపల గైకూ ప్రధానాలయంలో కొంత భాగాన్ని అసలు కొలతలతో కట్టి చూపించారు. బయట నాలుగు కంచెల వెనక కనబడనిదంతా ఇక్కడ చేతికందే దూరంలో కనబడుతుంది. దర్శనం కాలేదని దిగులుపడే మనవాళ్లను ముందుగా ఇక్కడికి తీసుకువెళ్లడం మంచిది. మేము ప్రధానాలయం తర్వాత వెళ్లాము; వరుస తారుమారు చేసి ఉంటే అమ్మ మొదటి ప్రశ్నకు జవాబు దొరికేది. తొయొఉకె ఉగ్రస్వరూపానికి కట్టిన తకనోమియా మాత్రం 98 మెట్లపైన ఉంది. అమ్మ కింద నిలబడి, "నా వంతు కూడా నువ్వే దండం పెట్టు" అని నన్ను పంపింది.

తిండి విషయం. ఇసె ఉదోన్ అని ఇక్కడ పేరుపొందిన లావుపాటి, మెత్తటి సేమ్యాల వంటకం ఉంది. చూడటానికి శాకాహారమే గాని, నల్లని పులుసులో చేపసారం కలుస్తుంది. నేను తిన్నాను, అమ్మ తెల్లవారుజామున చేసి తెచ్చుకున్న పులిహోర తింది. ఆలయ ఆవరణలో తినకూడదు కాబట్టి స్టేషనుకు తిరిగివచ్చి బెంచీ మీద కూర్చున్నాము. రాత్రి స్టేషను దగ్గరి చిన్న హోటల్లో బస. ఇద్దరికీ కలిపి పదహారు వేల యెన్లు. గదిలో ఉన్న నీళ్లు కాచే కెటిల్ మా పెరుగన్నానికి పనికిరాకపోయినా అమ్మ కాఫీకి పనికొచ్చింది.

రెండో రోజు, నవంబరు 29, శనివారం, ఐదింటికి లేచాము. గైకూ, నైకూ రెండూ ఏడాది పొడవునా ఉదయం ఐదింటికే తెరుస్తారు. మూసే వేళ మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాయంత్రం ఐదింటికే మూసేస్తారని గుర్తుంచుకోవాలి. అంత పొద్దున్నే నాకు అనుకూలమైన బస్సు కనబడక, టాక్సీకి రెండున్నర వేల యెన్లు పెట్టి ఆరుంపావుకు నైకూ ముందున్న ఉజి వంతెన దగ్గర దిగాము. అప్పటికే కెమెరాల కాళ్లు పాతుకుని ముప్ఫై నలభై మంది ఉన్నారు. శీతకాలపు అయనాంతం దగ్గరపడే ఈ రోజుల్లో సూర్యుడు సరిగ్గా వంతెన ముందున్న తోరణద్వారంలోంచి ఉదయిస్తాడు. కాని ఎదుట కొండ ఉండటంతో, పంచాంగం ప్రకారం ఉదయించిన గంటకు గాని కనబడడు. చలి ఐదారు డిగ్రీలుంటుంది, చీర మీద రెండు స్వెటర్లు, పైన నా కోటు వేసుకుని అమ్మ ఆ గంటా నిలబడింది. ఏడున్నర దాటాక తోరణం మధ్యలో వెలుగు పగిలినప్పుడు, చుట్టూ కెమెరాలు టకటకమంటుండగా, ఆమె మెల్లగా ఆదిత్యహృదయం మొదలుపెట్టింది. పక్కనున్న ఫొటోగ్రాఫరు ఒకాయన కెమెరా దించి, అది ముగిసేదాకా వింటూ నిలబడ్డాడు.

ఆ తోరణాల కథ కూడా నాకు నచ్చింది. వంతెనకు ఇటొకటి, అటొకటి ఉన్న ఆ ద్వారాలను, విప్పేసిన పాత ఆలయాల స్తంభాలతోనే చేస్తారు. ఇరవై ఏళ్లు గుడిని మోసి, మరో ఇరవై ఏళ్లు వంతెన దగ్గర నిలబడి, ఆ తర్వాత ఆ కలప వేరే ఊళ్లకు తోరణాలుగా వెళుతుంది. వంతెన దాటాక ఇసుజు నది ఒడ్డున మెట్లు దిగి చేతులు కడుక్కునే రేవు ఉంది. తొట్టి దగ్గర ఒకసారి కడుక్కున్నా, అమ్మ ఇక్కడ మళ్లీ దిగి, మూడు దోసిళ్లు నీళ్లు సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

నైకూ ప్రధానాలయం మెట్ల కింద వరకే ఫొటోలు. పైన కాపలావాళ్లు మర్యాదగానే అయినా ఖచ్చితంగా ఆపుతారు. ఇక్కడా అదే తెల్లని తెర. గాలికి ఆ తెర పైకి లేస్తే దేవత పలకరించినట్టని ఇక్కడివాళ్ల నమ్మకం. మా ముందున్న దంపతులు నిలబడినప్పుడు తెర ఒక మూల బాగా లేచింది. మేము నిలబడినప్పుడు కదలలేదు. అమ్మ పక్కకు జరిగి, వెనకవాళ్లకు దారిచ్చి, "ఇంకొక్క నిమిషం" అంది. తిరుమలలో "జరగండి, జరగండి" అన్న కేకల మధ్య క్షణంపాటు చూసి కన్నీళ్లతో బయటపడే మనిషికి, ఇక్కడ ఎంతసేపైనా నిలబడనిచ్చే దేవుడు దొరికాడు గాని కనబడలేదు. పది నిమిషాలు నిలబడ్డాము. తెర లేవలేదు.

ప్రధానాలయం దగ్గర సొంత కోరికలు కోరుకోరు; కృతజ్ఞత చెప్పడమే మర్యాద. కోరికలకు వెనకనున్న అరమత్సురినోమియా అనే గుడికి వెళతారు. మన పేరు మీద పూజ జరగాలంటే కగురాదెన్ అనే మండపంలో దరఖాస్తు ఇవ్వాలి. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తీసుకుంటారు, ముందుగా చెప్పవలసిన పనిలేదు. నృత్యసంగీతాలతో చేసే "ఒకగురా" అనే పూజకు పదిహేను వేల యెన్ల నుంచి, నైవేద్యం పెట్టి ప్రార్థన చదివే "మికె" అనే పూజకు ఐదువేల యెన్ల నుంచి మొదలవుతుంది. మేము రెండోది ఎంచుకున్నాము. మన లెక్కలో మూడు వేల రూపాయలకు కాస్త తక్కువ.

చిక్కంతా దరఖాస్తు దగ్గరే వచ్చింది. అందులో పేరు, చిరునామా, కోరిక, ఈ మూడే గడులు. "గోత్రం ఎక్కడ రాయాలి?" అని అడిగింది అమ్మ. గోత్రం గడి లేదన్నాను. అయితే అల్లుడి పేరు రాయమంది. నలభై ఒక్క ఏళ్లు ఏ గుడిలో అర్చన చేయించినా శ్రీవత్సస గోత్రం, నాన్న పేరు, ఆ వెనక "ధర్మపత్నీ సమేతస్య" అని వింటూ వచ్చిన మనిషి. ఆ సమేతంలోనే తానుంది. నాన్న పోయాక అర్చన తన పేరుమీద జరగవచ్చన్న ఆలోచనే ఆమెకు రాలేదు. నేను అమ్మ పేరే రాశాను. ఆమె చూసి, వద్దని గాని, సరేనని గాని అనలేదు. కోరిక గడి దగ్గర, "మీ నాన్నగారి కోసం ఏదైనా ఉంటుందా" అని అడిగింది. ఆ వరుసలో కుటుంబక్షేమం, ప్రయాణక్షేమం, కృతజ్ఞత వంటివి ఉన్నాయి, చనిపోయినవారి కోసం ఏమీ లేదు. ఆ పని ఈ దేశంలో ఎక్కువగా బౌద్ధాలయాలది. లేదని చెప్పడానికి నాకు కష్టమైంది. కాసేపాగి, "అయితే కృతజ్ఞత అని వేయి" అంది.

నిరీక్షణ ఇరవై ఐదు నిమిషాలు. లోపలికి పిలిచినప్పుడు గుమ్మం దగ్గర బూట్లు విప్పమన్నారు. రెండు రోజుల్లో మొదటిసారి అమ్మ ముఖం విప్పారింది. చాపల మీద ముప్ఫై మందిమి కూర్చున్నాము, మోకాళ్ల మీద కూర్చోలేని అమ్మకు చిన్న పీట ఇచ్చారు. డోలు మోగింది. ఎర్రటి లంగాలు కట్టిన అమ్మాయిలు నైవేద్యాలు ఎత్తి పట్టుకుని నడిచారు. అర్చకుడు సాగదీసిన స్వరంతో ప్రార్థన చదువుతూ, మధ్యలో ఒక్కొక్కరి ఊరు, పేరు, కోరిక చదువుతూ పోయాడు. "ఇందో", అంటే ఇండియా, అన్న మాట వినబడగానే నేను అమ్మ చేయి నొక్కాను. ఆమె పేరు చివరనున్న లక్ష్మి, ఆయన నోట "రకుషుమి" అయి, ఆ రాగంలో కలిసిపోయింది. అంతా పావుగంటలో ముగిసింది.

బయటికి వచ్చాక, "ఇంతకీ నా పేరు చదివారా?" అంది. చదివారు, నేను చేయి నొక్కింది అందుకేనన్నాను. "మీ నాన్నగారి పేరైతే ఏ భాషలో చదివినా పట్టేదాన్ని" అంది. ఆ పూట ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

అక్కడి నుంచి తిరుగుదారి సులభం. వంతెన బయట ఒహరాయ్‌మాచి అనే పాత బజారులో, 1707 నుంచి ఉన్న అకఫుకు దుకాణంలో ఆ పేరుతోనే అమ్మే మిఠాయి తిన్నాము. లోపల బియ్యపు ముద్ద, పైన ఎర్రచిక్కుడు పూర్ణం. పూర్ణం మీద వేళ్లతో నొక్కిన గీతలు ఇసుజు నది అలలట. "తిరగేసిన పూర్ణబ్బూరె" అని తేల్చింది అమ్మ. పూర్తి శాకాహారం కాబట్టి రెండో పళ్లెం కూడా తెప్పించుకుంది. రెండు రోజులకు రైళ్లు, బస, టాక్సీ, పూజ, తిండి అన్నీ కలిపి నలభై వేల యెన్లు దాటలేదు.

పూజ తర్వాత ఇచ్చిన ఒఫుదా, అంటే దేవత పేరున్న కాగితపు రక్ష, మా వంటింటి అలమారలోని దేవుళ్ల పక్కన మూడు వారాలు ఉంది. ఏడాది తర్వాత దాన్ని గుడికే తిరిగి అప్పగించి కొత్తది తీసుకోవడం ఆనవాయితీ అని చెప్పాను. డిసెంబరు 21న ఆమె ప్రయాణం. ముందురోజు రాత్రి సామాను సర్దుతూ చూస్తే, అలమారలో ఒఫుదా లేదు. పట్టుచీర మడతలో పెట్టుకుంది. ఇక్కడే ఉంచితే ఏడాదికి నేనే తిరిగి ఇచ్చి వస్తాను కదా అన్నాను.

"నా పేరున చేయించినది నువ్వెందుకు ఇస్తావు? వచ్చే ఏడు నేనే తెస్తాను, టిక్కెట్టు చూసి ఉంచు" అంది అమ్మ.